గడప దాటకయే గ్రంథాలయము

సోదరీమణులు మాకు వ్రాయు జాబులలోను, పేరంటములయందు కలిసినపుడు అడుగు ప్రశ్నలలోను ఈ నడుమ ఒకే మాట తఱచుగా వినవచ్చుచున్నది: "పిల్లల చేతికి ఫోను ఈయవచ్చునా, ఈయరాదా?" అవునని గాని కాదని గాని ఒక్క మాటలో బదులు చెప్పుట తేలిక. కాని పిల్లలున్న యింట కత్తిపీట యుండవచ్చునా యని యెవ్వరును అడుగరు గదా! దానినెచ్చట పెట్టవలెనో, ఏ వయసు పిల్లకు ఎప్పుడు చేతికీయవలెనో తల్లికి తెలియును. ఫోను విషయమునను అట్టి తెలివియే కావలెను. దానిలో తెఱవదగినవి యేవి? అందు చదివినదానిని నమ్ముట యెట్లు? ఇంట నొక్కటే ఫోనున్నచో అది యెవరి కెంతసేపు? ఈ మూడు ప్రశ్నలను గూర్చియే ఈ మాసమున ముచ్చటింప దలచితిమి.

మేము బడికిపోయి చదివినవారము కాము. ఇంట పెద్దలయొద్ద కూర్చుండి అమరము వల్లించి, భారత భాగవతములు అర్థముతో చదివికొంటిమి. బడిపంతులుగారి యిల్లాలమగుటచే పాఠశాల ముచ్చటలు మా వంటయింటిదాక వచ్చుచుండును. మా వారు పాఠము చెప్పుటకై అంతర్జాలమున వెదకుచుండగా ప్రక్కన కూర్చుండి చూచుట మాకు మొదట వినోదమై, పిదప అలవాటైనది. అట్లు చూచిచూచి మేము గ్రహించినదేమనగా, అంతర్జాలమనునది అంగడియు గ్రంథాలయమును ఎదురెదురుగనున్న వీథివంటిది. అంగడివాడు దారినిపోవువారిని కేకవేసి పిలుచును. గ్రంథాలయము ఎవరిని పిలువదు. కావుననే మన పిల్లలు అంగడిలోనికి తమంతట తాము పోవుదురు. గ్రంథాలయమునకు మనము చేయిపట్టి తీసికొని పోవలసియున్నది. పేరు తెలియనిదే తలుపు తట్టలేము. అందుచేత మేము స్వయముగ వాడి చూచిన సైటులలో కొన్నిటి పేర్లు ఇచ్చట చెప్పెదము. వీనిలో నేదియు చదువుకొనుటకు రుసుము అడుగదు.

మొదట మన భాషకు సంబంధించినది. పిల్లవాడు తెలుగువాచకమున "సూర్యకరములు" అను మాటను చూచి, సూర్యునకు చేతులుండునా యని నవ్వెననుకొందము. ఆంధ్రభారతి యను సైటునందలి నిఘంటుశోధనలో "కరము" అని వ్రాసి వెదకినచో, చేయి, కిరణము, ఏనుగుతొండము, పన్ను అను అర్థములు వరుసగా వచ్చును. అచ్చతెలుగున అదే మాటకు "మిక్కిలి" యను అర్థమును కలదు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము మొదలు పలు నిఘంటువులు అచ్చట ఒక్కచో కూర్పబడి, ఒక్క మాటకు అన్నిటిలోని యర్థములను ఒక్కమారు చూపును. ఈ నిఘంటువులన్నియు కొని యింట పెట్టుకొనగల పంతుళ్లు ఎందరు? తెలుగుమాటకు ఆంగ్లార్థము కావలసినవారు అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమువారి దక్షిణాసియా నిఘంటువుల సైటును చూడవచ్చును. సి. పి. బ్రౌను దొరగారి తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1903 నాటి కూర్పు అందున్నది. తెలుగక్షరములు కొట్టుట రాదని వెనుదీయ నక్కఱలేదు. ఇప్పటి ఫోనులలో మైకుగుర్తు నొక్కి, నోటితో పలికిన మాటను ఫోనుచేతనే వ్రాయించుకొనవచ్చును.

రెండవది పాతపుస్తకముల భాండారము. అమెరికాలో 1996న బ్రూస్టర్ కాల్ అను నాతడు స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సైటునందు వేలకొలది తెలుగుపుస్తకములు పుట పుటయు ఛాయాచిత్రములుగ నున్నవి. అవి అచ్చటికి చేరిన కథయందు మనవారి ప్రమేయము కలదు. చిత్తూరు మండలమునందలి కాటూరున జన్మించి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ బహుమానమందిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల పుస్తకములను కంప్యూటరులోనికి ఎక్కింపవలెనను పథకమునకు ముఖ్యప్రేరకులు. దానితో ముడిపడి మన దేశమున భారత డిజిటల్ గ్రంథాలయము నడచినది. ఆ పుస్తకములే పెక్కు పిదప ఆర్కైవునకు చేరినవి. వెదకువారికి ఒక సూచన. ఆ పుస్తకముల పేర్లు చాలవఱకు ఆంగ్లాక్షరములలో, ఒక్కొక్కచో తప్పులతో నమోదైనవి. కావున ఒక విధముగ వ్రాసినపుడు దొరకనిచో రెండుమూడు విధములుగ వ్రాసి వెదకవలెను. గ్రంథకర్త పేరుతోను వెదకిచూడవలెను.

అట్టి భాండారములలో మన అమ్మమ్మల కాలపు స్త్రీల పత్రికలును కొన్ని కలవు. 1928లో మదరాసున కె. ఎన్. కేసరిగారు స్థాపించిన గృహలక్ష్మియందు కనుపర్తి వరలక్ష్మమ్మగారు "శారదలేఖలు" వ్రాసిరి. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణమును మొట్టమొదట అందుకొన్నవారును ఆమెయే. ఇట్టి వ్రాతలను చదివినపుడు, ఆడువారికి చదువేల యని అడిగినవారికి ఆనాటి యిల్లాండ్రు ఎంత ఓర్పుతో, ఎంత చమత్కారముతో బదులు చెప్పిరో తెలియును. బడిలో చెప్పు చరిత్రపాఠమునకు ఇంతకంటె మంచి తోడు వేఱొకటి లేదని మా యభిప్రాయము.

మూడవది విజ్ఞానసర్వస్వము. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తెలుగున విజ్ఞానసర్వస్వము వెలువరింప బూని, మొదటి సంపుటములు మాత్రమే ప్రకటింపగలిగి, 1923లో దివంగతులైరి. ఎనుబదియేండ్ల పిమ్మట, 2003లో, తెలుగు వికీపీడియా మొదలైనది. వేతనమాశింపని వేలమంది దానిని వ్రాయుచున్నారు, దిద్దుచున్నారు. ఎవరైనను వ్రాయవచ్చుననుటయే దాని బలము, దాని బలహీనతయు. కావున దానిని చదువుటకు ఒక పద్ధతి కలదు. వ్యాసము అడుగున ఆధారములు ఇచ్చిరా లేదా యని మొదట చూడవలెను. పైనున్న "చరిత్ర" యను మాటను నొక్కినచో, ఆ పుటను ఎవరెప్పుడు ఎట్లు మార్చిరో తెలియును. ఆధారము లేని వాక్యమును పిల్లవాని నోటుపుస్తకమునకు ఎక్కింపరాదు. మన యూరి చెరువును గూర్చియో, జాతరను గూర్చియో తప్పు కనబడినచో ఆధారముతో మనమే దిద్దవచ్చును. అత్తగారి దగ్గఱ విన్నది చాలదు సుమా. అచ్చుపడిన ఆధారము కావలెను.

ఇక చిన్నపిల్లల మాట. బెంగళూరునందలి ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అను సైటును తెఱచిరి. అందు తెలుగుతో కూడ అనేకభాషల బొమ్మలకథలు కలవు. ఒక్క వాక్యమునకు ఒక్క బొమ్మగల పసివారి కథలు మొదలు, పెద్దపిల్లలు తామే చదువుకొను కథలవఱకు నాలుగు అంతస్తులుగ వానిని విభజించినారు. కథలను ఉచితముగ చదువవచ్చును, అచ్చు వేసికొనవచ్చును, వేఱొక భాషనుండి తెలుగునకు అనువదించి అచ్చటనే పెట్టవచ్చును. అక్షరములు దిద్దుచున్న పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొని, మాట క్రింద వ్రేలు నడపుచు చదువుడు. బొమ్మ చూపి "తరువాత నేమగునో చెప్పుము" అని ఆగుడు. ఆ ఆగుటయందే కథ యంతయు నున్నది. ఫోనును పిల్ల చేతిలో పెట్టి మనము పప్పు తిరుగమోతకు పోయినచో అది కథ కాదు, కాలక్షేపము.

బొమ్మలు చూచుటయే గాక చేతితో చేయు పిల్లలకు అరవింద్ గుప్తాగారి సైటు గొప్ప వరము. కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివిన ఈయన, పారవేయు వస్తువులతో విజ్ఞానపు బొమ్మలు చేయించుటయందు జీవితము గడపుచున్నారు. 2018లో పద్మశ్రీ వచ్చినది. ఆయన నేర్పిన యొక చిన్నపనిని మీకు చెప్పెదము. సైకిలు వాల్వుట్యూబును చిన్నముక్కలుగ కోసి, అగ్గిపుల్లల మందు గీకివేసి, పుల్లకు పుల్లను ఆ ముక్కలతో అతుకవలెను. నాలుగు పుల్లలతో చతురస్రము చేసి వ్రేలితో నొక్కుడు. అది ప్రక్కకు ఒరిగిపోవును. మూడు పుల్లలతో త్రిభుజము చేసి నొక్కుడు, అది చెక్కుచెదరదు. రాజమహేంద్రవరమున గోదావరిపై 1974లో తెఱచిన రోడ్డు-రైలు వంతెన యినుపకమ్ములలో అన్ని త్రిభుజములు ఏల యున్నవో పిల్లవానికి అప్పుడు మరి చెప్పనక్కఱలేదు. ఒక్క అగ్గిపెట్టెయు, ఒక్క పాత ట్యూబుముక్కయు ఖర్చు. మందు గీకుపని మాత్రము పెద్దలే చేయవలెను.

ప్రయోగశాల లేని బడులలో పంతుళ్లు పడు పాట్లు మాకు తెలియును. అట్టివారికి ఫెట్ అను సైటు పనికివచ్చును. భౌతికశాస్త్రమున 2001లో నోబెల్ బహుమానమందిన కార్ల్ వైమన్‌గారు, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున 2002లో దీనిని మొదలిడిరి. ఇది తెరమీది ప్రయోగశాల. ఘటమును, తీగలను, బల్బును వ్రేలితో లాగి కలిపినచో బల్బు వెలుగును. రెండు బల్బులను ఒకదానివెంట నొకటిగ కలిపినచో రెండును మసకబారును. ప్రక్కప్రక్కగ వేఱు తీగలతో కలిపినచో రెండును నిండుగ వెలుగును. మా వారు ఈ పాఠము చెప్పిననాడు ఒక పిల్ల లేచి, "పెండ్లిపందిట్లో సీరియల్ లైట్లు ఒకటి పోతే వరుసంతా ఎందుకు పోతుందో ఇప్పుడు తెలిసిందండీ; మరి మా యింట్లో ఒక బల్బు పోతే తక్కినవి ఎందుకు పోవు?" అని అడిగెనట. ఆ ప్రశ్నకు బదులు ఆ తెరమీదనే యున్నది. ఇంటి తీగలు రెండవ విధముగ కలుపబడియుండును గదా! మా వారు మఱునాడు నిజమైన ఘటమును, టార్చిబల్బులను తీసికొనిపోయి పిల్లల చేతనే కలిపించిరి. తెరమీద చూచుట వంటపుస్తకము చదువుటవంటిది. కడుపు నిండవలెనన్న పొయ్యి వెలిగింపవలసినదే. ఆ ప్రయోగములలో కొన్నిటికి తెలుగురూపములును కలవు.

పాఠ్యపుస్తకములను తిరుగవేయునపుడు పుటలపై నల్లచుక్కల చతురస్రపు ముద్ర యొకటి మీకు కనబడియుండును. అది అలంకారము కాదు. దానిని క్యూఆర్ కోడు అందురు. 2017లో కేంద్రప్రభుత్వమువారు తెఱచిన దీక్షా అను వేదికకు అది దారి. ఫోను కెమెరాను దానిపై పట్టినచో ఆ పాఠమునకు సంబంధించిన వీడియోలు, అభ్యాసములు తెఱచుకొనును. ఆంగ్లము కొంత వచ్చిన పెద్దపిల్లలకు లెక్కలలో ఖాన్ అకాడమీ తోడ్పడును. దీనిని నెలకొల్పిన సల్మాన్ ఖాన్ సినీనటుడు కాడు! ఆయన అమెరికానివాసి, దూరపు నగరమందున్న తన చుట్టాలపిల్లకు 2004లో లెక్కలు చెప్పుటతో మొదలైన పని 2008లో సంస్థగ మారినది. ఒక పిల్లకు అర్థమగునట్లు చెప్పబూనిన పాఠము లోకమున కంతకును పనికివచ్చినది. మన యింటి పిల్లకు ఓర్పుతో చెప్పు తల్లులు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

వినోదమునకును కొంత చోటీయవలెను గదా! 1995 జూన్ 16 మొదలు నాసావారి సైటున దినమునకొక ఖగోళచిత్రము వచ్చుచున్నది. దానిక్రింద జ్యోతిశ్శాస్త్రజ్ఞులు వ్రాసిన చిన్నవివరణ యుండును. ఆంగ్లమే యైనను నాలుగైదు వాక్యములే గావున నిఘంటువుతో చదువవచ్చును. పాతచిత్రములన్నియు తేదీలవారీగ నుండుటచే, పిల్ల పుట్టిననాడు వచ్చిన చిత్రమేదో వెదకి చూపవచ్చును. పుట్టినరోజున ఇట్టి కానుకకు కాసు ఖర్చులేదు. స్టెల్లేరియమ్ అను మఱియొక సైటు, మీ యూరినుండి ఈ రాత్రి ఏ నక్షత్రము ఏ దిక్కున కనబడునో చూపును. అందు చూచి డాబామీదికెక్కి, అశ్విని యేది, కృత్తికలేవి, రోహిణి యేది యని పోల్చుకొనుట మా యింట శీతకాలపురాత్రుల వేడుక. పంచాంగమున పేర్లుగ మాత్రమే యెఱిగిన నక్షత్రములు కంటబడినపుడు కలుగు సంతోషమును మాటలతో చెప్పజాలము. భూమిని పైనుండి చూడగోరువారికి మన ఇస్రోవారు 2009లో తెఱచిన భువన్ అను సైటు కలదు. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారు దానిని నడపుచున్నారు. మీ పుట్టింటి చెరువును అందు వెదకిచూడుడు.

ఆకాశచిత్రముల మాట వచ్చినది గావున, నమ్ముటను గూర్చిన ప్రశ్నకు ఇచ్చటనే వచ్చెదము. ప్రతి దీపావళికిని ఒక చిత్రము ఫోనునుండి ఫోనునకు ప్రయాణముచేయును. నల్లనినేపథ్యమున భారతదేశపు పటము. అందు తెలుపు, నీలము, ఆకుపచ్చ, ఎఱుపు కాంతులు. "దీపావళిరాత్రి అంతరిక్షమునుండి మన దేశము" అని క్రింద వ్రాసియుండును. చూచుటకు ఎంత మనోహరమో, చెప్పిన మాట అంత అసత్యము. అది ఒక్కరాత్రి తీసిన చిత్రమే కాదు. అమెరికా ప్రభుత్వ వాతావరణసంస్థకు చెందిన క్రిస్ ఎల్విడ్జ్ అను శాస్త్రజ్ఞుడు, యేండ్లు గడచినకొలది ఊళ్లు పెరిగి దీపము లెట్లు హెచ్చినవో చూపుటకై 2003లో కూర్చిన పటమది. 1992నకు మునుపే యున్న వెలుగునకు తెలుపు, 1992నాటికి కనబడినదానికి నీలము, 1998దానికి ఆకుపచ్చ, 2003దానికి ఎఱుపు రంగులు వేసిరి. 2012 నవంబరులో నాసావారు నిజమైన దీపావళిరాత్రి చిత్రమును ప్రకటించి ఈ సంగతి వివరించిరి. మనము వెలిగించు ప్రమిదలు, కాల్చు మతాబులు మామూలురాత్రి దీపములకు చేర్చు వెలుగు, అంత యెత్తునుండి చూచువారికి తేడా తెలియనంత స్వల్పమట. మన పండుగకు దీనివలన వచ్చిన లోపమేమియు లేదు. కాని ఇరుగుపొరుగు పంపిన చిత్రమును పంతులు పాఠమున చూపినచో, నలుబదిమంది పిల్లలు దానిని సత్యముగ ఇంటికి మోసికొనిపోవుదురు.

కావున కొత్త సంగతి యేది వచ్చినను మేము మూడు ప్రశ్నలు వేయుదుము. చెప్పుచున్నవా రెవరు, వారి పేరును, పనియు ఆ పుటపై నున్నవా? వారికి ఎట్లు తెలిసినది, ఆధారము చూపిరా? వారితో సంబంధము లేని మఱియొకచోట ఇదే మాట యున్నదా? చిత్రమైనచో దానినే గూగుల్ లెన్స్ వంటి శోధనయందు పెట్టి, మునుపు ఎచ్చట, ఎప్పుడు కనబడినదో చూడవచ్చును. కూరగాయలవానియొద్ద వంకాయను తిప్పితిప్పి పుచ్చు చూచు మనకు ఈ విద్య క్రొత్తది కాదు. ఆంగ్లపుటలను ఫోను తనంతట తెనిగించి చూపునపుడును ఈ జాగ్రత్త కావలెను. ఆ తెనుగున అర్థము ఒక్కొక్కచో తలక్రిందులగును. ముఖ్యమైన వాక్యమును మూలముతో సరిచూచుకొనవలెను.

అంగడివైపున మోసగాండ్రును ఉందురు. చదువు చెప్పు సైటు బ్యాంకుసంఖ్య నడుగదు. ఫోనునకు వచ్చు ఓటీపీ సంఖ్యను ఎవరు అడిగినను, ఎంత మర్యాదగ అడిగినను, చెప్పరాదు. బహుమతి వచ్చినదన్న లంకెను నొక్కరాదు. పొరబాటున సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. సైబరుమోసములకై ప్రభుత్వమువారు పెట్టినది అది. ఎంత త్వరగ చెప్పిన, సొమ్ము నిలుపుదల చేయుట కంత యవకాశము.

ఇక మూడవ ప్రశ్న. దీనికే మేము ఈ వ్యాసము వ్రాయబూనితిమని చెప్పవచ్చును. మా వీథిలో నొక యింట ఇరువురు ఆడపిల్లలును, ఒక మగపిల్లవాడును. 2020లో మహమ్మారివలన బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినపుడు, ఆ యింటనున్న యొక్క ఫోను తండ్రి పనినుండి మరలిన పిమ్మట రాత్రి యెనిమిదింటికి పిల్లలకు దక్కుచుండెను. మొదట కొడుకు. అతడు నిద్రించిన పిమ్మట, ఛార్జి మిగిలియున్నచో, చిన్నకూతురు. తొమ్మిదవ తరగతి చదువుచున్న పెద్దకూతునకు ఆ వేళ అంట్లపని. బడులు మరల తెఱచినపుడు ఆమె పోలేదు. పాఠములు తప్పిపోయినవి, పోయి యేమి చేయుననిరి. తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. ఆ పిల్ల యన్న వారికి ప్రాణమే. గంటలు పంచునపుడు మాత్రము ఆమె పేరు ఎవరికిని తలపునకు రాలేదు.

ఇప్పుడామె మెట్టినింట నున్నది. మొన్న పుట్టింటికి వచ్చినపుడు మా యింటికి వచ్చి, చంకలోని బిడ్డను చాపపై దింపి, "పిన్నిగారూ, మీ ఫోనులో ఆ నక్షత్రాల బొమ్మలు ఒకసారి చూపించరూ?" అని అడిగినది. చాలసేపు చూచినది. పిదప మెల్లగ, పదవతరగతి ఇప్పుడు వ్రాయవచ్చునా యని అడిగినది. వ్రాయవచ్చునని చెప్పితిమి. బడి మానినవారి కొఱకు రెండు తెలుగురాష్ట్రములలోను సార్వత్రిక విద్యాపీఠములున్నవి. జాతీయ సార్వత్రిక విద్యాలయమును కలదు. పదవతరగతియు, ఇంటరును ఇంటనుండి చదివి వ్రాయవచ్చును. సబ్జెక్టులన్నియు ఒక్కమారే గాక విడివిడిగను పూర్తిచేయవచ్చును. జాతీయసంస్థ సైటునందు పాఠములే ఉచితముగ నున్నవి. ఆమె అత్తగారు సరే యన్నారట. భర్త యింకను ఏమియు అనలేదు. చిన్నపిల్ల మాత్రము ఇప్పుడు ప్రతిసాయంకాలము ఆరునుండి ఏడువఱకు ఫోనుతో చదువుకొనుచున్నది. ఆ గంట ఆమెదని తల్లియే కట్టడి చేసినది.

పైని కొమఱ్ఱాజువారి పేరు చెప్పితిమి గదా. ఆయన అక్కగారు భండారు అచ్చమాంబగారు. ఆమె బడికి పోలేదు. తమ్ముడు తమ యింటనుండి చదువుకొనుచుండగా అతని ప్రక్కన కూర్చుండి చదువు నేర్చిరి. 1901లో అబలాసచ్చరిత్రరత్నమాలను ప్రకటించిరి. ఒక దీపము, ఒక పుస్తకము, ఇద్దఱు చదువరులు. ఆనాడు తమ్ముని ప్రక్కన అక్కకు చోటు దొరకనిచో తెలుగున ఆ పుస్తకము పుట్టియుండదు. నేడు మన యిండ్లలో దీపమునకు బదులు ఫోనున్నది. ప్రక్కన చోటు ఎవరికున్నదో చూచుకొనవలసినవారము మనమే.

కాబట్టి మా విన్నపము లివి. ఇంట నొక్కటే ఫోనున్నచో కాలమును కాగితముపై వ్రాసి పంచుడు. ఆడపిల్ల గంట మగపిల్లవాని గంటతో సమముగ నుండవలెను, దీపము మలిగిన పిమ్మట గాక ముందే రావలెను. ఆ గంట నడిమింటిలో, పెద్దల కంటియెదుట గడువవలెను. తల్లియు తనకొక అరగంట ఉంచుకొనవలెను. ఆవు చేను మేసిన దూడ గట్టున మేయదు. మనము పగలంతయు గొలుసు వీడియోలు చూచుచు పిల్లను నిఘంటువు తెఱువుమన్నచో తెఱచునా? మన చేతిలో ఆమె ఏది చూచునో అదియే ఆమె కోరును.

ఈ సైటులన్నియు ఒక్కనాడే తెఱవబోవలదు. ఈ మాసమునకు మూడు చాలును: ఒకటి నిఘంటువు, ఒకటి కథలు, ఒకటి ఆకాశము. వాని పేర్లు చీటీపై పెద్దయక్షరములతో వ్రాసి, ఫోను ఛార్జి పెట్టుచోట గోడకు అంటింపుడు. చీటీని ఆడపిల్ల చేతనే వ్రాయింపుడు. నెలాఖరునకు ఆమె ఏ మాటకు అర్థము వెదకినదో, ఏ నక్షత్రమును గుర్తుపట్టినదో మాకు జాబు వ్రాయింపుడు. అట్టి జాబులకు ఈ శీర్షికలో చోటు ఎప్పుడును ఉండును.